చేసినవాని బాధ్యత: రిడ్లీ స్కాట్ చిత్రములలో కృత్రిమ మానవుడు

తెలుగు సంఘపు సంచికలో ఆంగ్ల చలనచిత్రములకు తావేమి అని పెద్దలు కొందరు అడుగవచ్చును. పూర్వుల వలసకథలు, హరికథల ముచ్చటలు, పిల్లలకు తెలుగు నేర్పు మార్గములు ఉండవలసిన పుటలలో అంతరిక్షనౌకలు, మరమనుషులు ఎందులకని వారి శంక. మా సమాధానము ఇది. మనిషిని మనిషిగా నిలుపునది ఏది? తాను చేసినదానికి చేసినవాడు ఎంతవరకు బాధ్యుడు? ఈ రెండు ప్రశ్నలను విడిచిన సంస్కృతి ఎక్కడను లేదు. ఇప్పటి కాలమున వానిని వెండితెరపై గట్టిగా అడిగినవారిలో ఇంగ్లండు దేశస్థుడగు రిడ్లీ స్కాట్ ఒకరు. మన యిండ్లలోని యువకులు ఆయన చిత్రములను చూచుచున్నారు, వాదించుకొనుచున్నారు. ఆ వాదములో పెద్దలకును పాలుండవలెను.

స్కాట్ 1937లో సౌత్ షీల్డ్స్ పట్టణమున జన్మించెను. లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఆర్టులో చదివి, పెక్కేండ్లు వ్యాపార ప్రకటనల చిత్రములు తీసి, నలువది యేండ్లు సమీపించిన పిదప కథాచిత్రములకు వచ్చెను. కృత్రిమ మానవులు ముఖ్యముగా కనబడు ఆయన చిత్రములు నాలుగు: 1979లో ‘ఏలియన్’, 1982లో ‘బ్లేడ్ రన్నర్’, 2012లో ‘ప్రొమీథియస్’, 2017లో ‘ఏలియన్: కోవెనెంట్’. వీనిని గూర్చి రెండు మాటలు లోకమున పాతుకొనిపోయినవి. యంత్రమునకు బుద్ధి నిచ్చినచో అది మనపై తిరుగబడునని ఈ చిత్రములు హెచ్చరించుచున్నవట. ఇది మొదటి మాట. ‘బ్లేడ్ రన్నర్’ కథానాయకుడును మనిషి కాడు, కృత్రిముడే యనుట రెండవ మాట. దీనిని దర్శకుడే అన్నాడు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. రెండింటి ఫలమును ఒక్కటే: మనిషి తన తప్పును ఒప్పుకొనక జారిపోవుటకు దారి దొరకును.

మొదట ‘రోబో’ అను మాట పుట్టుకను చూతము. అది యంత్రశాలలో గాక నాటకరంగమున పుట్టినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రచించిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకమున తొలిసారి కనబడెను. దానిని సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో ‘రొబోత’ అనగా భూస్వామికి ప్రజలు కూలి లేక చేయవలసిన పని. మన భాషలో దానికి సరియైన మాట ‘వెట్టి’. తెలంగాణమున దొరల గడీలలో వెట్టిచాకిరి చేసిన కుటుంబముల కథ తెలిసినవారికి ఆ చెక్ మాటకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు. చాపెక్ నాటకములోని రోబోలు ఇనుప బొమ్మలు కావు. మనుషులను పోలిన దేహములు గలవారు. కనుక ఈ కథాజాతికి మూలమున యంత్రమును గూర్చిన భయముకంటె ముందు వెట్టిని గూర్చిన సిగ్గు కలదు. ఆ సిగ్గును మరచి భయమును మాత్రము నిలుపుకొన్నవారే యంత్రము తిరుగబడునని కేకలు వేయుచున్నారు.

ఇక ‘ఏలియన్’ చూడుడు. ‘నొస్ట్రోమో’ అను సరుకునౌకలో ఏడుగురు సిబ్బంది. అందు యాష్ అనునతడు విజ్ఞానాధికారి. మిగిలిన ఆరుగురును అతనిని తమవంటి మనిషే అనుకొందురు. భయంకరమగు పరలోకజీవి అంటుకొనియున్న సహచరుని నియమము మీరి నౌకలోనికి రానిచ్చినవాడు అతడే. చివరకు అతని తల తెగినప్పుడు గాని అతడు యంత్రమని తెలియదు. ప్రేక్షకుడు అక్కడ జడియును. యంత్రము ఎంత ద్రోహి అనుకొనును. కాని అతనికి ఆజ్ఞ ఇచ్చినది ఎవరు? ఆ జీవిని పట్టి తేవలెను, సిబ్బంది పోయినను చింత లేదు అను రహస్యపు ఉత్తరువు కంపెనీది. యాష్ తిరుగబడలేదు. చెప్పినది చెప్పినట్లు చేసెను. తిరుగబడు యంత్రమునకు నిదర్శనముగా లోకము చూపు ఈ పాత్ర నిజమునకు అత్యంత విధేయుడగు సేవకుడు. ఆరుగురి ప్రాణములకు వెల కట్టినవారు ఏ తెరమీదను కనబడక, ఏ శిక్షయు పొందక, ఎక్కడో కార్యాలయములలో కూర్చుండి యున్నారు. ఆ చిత్రములోని అసలు భయము అది.

‘బ్లేడ్ రన్నర్’ ఇంకను లోతైనది. దానికి మూలము అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రకటించిన నవల. చిత్రము 1982 జూన్‌లో విడుదలయ్యెను. డిక్ ఆ సంవత్సరము మార్చిలోనే మరణించెను. కథ 2019 నవంబరులో, ఎడతెగని వానలో మునిగిన లాస్ ఏంజెలస్ నగరమున జరుగును. ఆ సంవత్సరము మనకు గడచిపోయినది గాని చిత్రము లేవదీసిన తగవు ఇంకను తీరలేదు. టైరెల్ కంపెనీ మనుషులకంటె బలముగల కృత్రిమ మానవులను తయారుచేసి, దూరగ్రహములలోని వలసలలో వెట్టికి అమ్ముచుండును. వారి పేరు రెప్లికెంట్లు. కాలక్రమమున వారికి సొంత భావములు కలుగునను భయముతో వారి ఆయుస్సును నాలుగేండ్లకు కుదించిరి. భూమికి పారివచ్చిన వారిని వెదకి చంపుట డెకార్డ్ అను పోలీసువాని పని. చంపుట అని వారు అనరు. దానిని ‘రిటైర్‌మెంటు’ అందురు. ఉద్యోగములు చేసి పింఛనులు తెచ్చుకొన్న మన కుటుంబములలో ఆ మాట ఎంత నిరపాయమైనదో అందరికిని తెలియును. హత్యకు అంతటి మెత్తని పేరు పెట్టిన సమాజమే ఈ చిత్రములో నిందితుడు.

పారివచ్చినవారి నాయకుడు రాయ్ బాటీ. అతడు రాజ్యము కోరి రాలేదు, మనుషులను నిర్మూలించుటకు రాలేదు. ఆయుస్సు పొడిగింపుమని తనను చేసినవానిని అడుగుటకు వచ్చెను. టైరెల్ అతనితో శాస్త్రము మాట్లాడును, అతని ప్రతిభను పొగడును, ఏమియు చేయలేనని తేల్చును. కన్నబిడ్డవలె తల నిమురును గాని కన్నవాని బాధ్యత మాత్రము తీసికొనడు. రాయ్ అతనిని చంపును. ఈ హత్యను మేము సమర్థింపము. టైరెల్ తోబాటు, ఏ పాపమును ఎరుగని సెబాస్టియన్ అను శిల్పియు అతని చేతిలో చచ్చెను. అయినను తరువాతి ఘట్టము చూడుడు. తన తోడివారినందరను పోగొట్టుకొని, తన ఆయువు క్షణములలో ముగియనుండగా, తన్ను చంపుటకు వచ్చిన డెకార్డ్ మేడ అంచున వ్రేలాడుచుండుట రాయ్ చూచును. చేయి పట్టి పైకి లాగి బ్రతికించును. పిదప తాను కన్నవానిని నాలుగు మాటలలో చెప్పి, వానలో తల వాల్చి మరణించును.

ఈ చిత్రమున రెప్లికెంట్లను గుర్తించుటకు ఒక పరీక్ష కలదు. జీవులు పడు బాధను గూర్చి ప్రశ్నలు వేసి కంటిపాప కదలికను కొలుతురు. అనగా మనిషికి గురుతు దయ. మరి ఆ పరీక్షలో గెలిచినది ఎవరు? డెకార్డ్ స్వయముగా చంపిన ఇద్దరును స్త్రీలు. అందొకతెను పారిపోవుచుండగా వెనుకనుండి కాల్చెను. రాయ్ తన శత్రువును కాపాడెను. చేయబడినవాడు చేసినవారికంటె దయలో పెద్దవాడయ్యెను. ఇంత స్పష్టముగా చెప్పిన చిత్రమును యంత్రముల తిరుగుబాటు కథ అనుట కండ్లుండి చూడకపోవుట.

మనకు ఈ కథ క్రొత్తది కాదు. వినాయకచవితినాడు అక్షతలు చేత పట్టుకొని మనము వినునది ఏ కథ? పార్వతీదేవి నలుగుపిండితో బాలుని చేసి, ప్రాణము పోసి, వాకిట కావలి ఉంచెను. ఎవరిని రానీయవలదని చెప్పినందున ఆ బాలుడు శివునే నిలువరించెను. ఆజ్ఞ పాలించుటయే అతని నేరము. దానికి తల పోయెను. పిండిబొమ్మ పోయినది, మరియొక బొమ్మ చేసికొందునని ఆ తల్లి అనలేదు, దుఃఖించెను. గజముఖము అమర్చి అతనిని బ్రతికించి, గణములకు నాయకుని చేసి, తొలిపూజ కల్పించిరి. చేతితో చేసినవాడు కడుపున పుట్టినవానితో సమానుడని ఆ కథ తీర్పు. ఈ కొలబద్దతో టైరెల్‌ను కొలిచి చూచినచో అతడు ఎక్కడ నిలుచునో వేరే చెప్పనక్కరలేదు.

జ్ఞాపకమును గూర్చియు ఈ చిత్రమున ఒక మాట కలదు. అది మనవంటి వారికి మిక్కిలి దగ్గరిది. రేచల్ అను యువతికి తాను రెప్లికెంటునని తెలియదు. తల్లితో దిగిన ఛాయాచిత్రమును తెచ్చి డెకార్డ్‌కు చూపును. ఆమె బాల్యస్మృతులు ఆమెవి కావనియు, టైరెల్ మేనకోడలి స్మృతులను ఆమెలో నాటిరనియు అతడు నిర్దయగా చెప్పివేయును. ఇచ్చిన జ్ఞాపకము గనుక అది అబద్ధము, ఆమెయు అబద్ధము అని కొందరి వ్యాఖ్య. ఈ వ్యాఖ్యను మేము అంగీకరింపము. బళ్ళారిలో, హోసూరులో, బరంపురములో, షోలాపురములో, యానాములో తరతరములుగా వసించు మన కుటుంబములలో ఎందరు పిల్లలు ఎన్నడును చూడని ఊరి చెరువును, ఎన్నడును ఎక్కని గుడిమెట్లను తమవిగా తలచుకొనుట లేదు? అవి నాయనమ్మ నోటనుండి, అమ్మమ్మ పాటనుండి వచ్చినవి. అవియు ఇచ్చిన జ్ఞాపకములే. అందుచేత ఆ పిల్లలు తక్కువ మనుషులైనారా? జ్ఞాపకము ఒకరు ఇచ్చినంత మాత్రమున అబద్ధము కాదు. నాయనమ్మ అది తనదని చెప్పి, ప్రేమతో ఇచ్చెను. టైరెల్ అది ఎవరిదో దాచి, మనిషిని అదుపున పెట్టుటకు ఇచ్చెను. మోసము జ్ఞాపకములో లేదు, ఇచ్చినవాని ఉద్దేశములో ఉన్నది. రేచల్ కన్నీరు మాత్రము సత్యము.

ఇక దర్శకునితో మా తగవు. 1982లో విడుదలైన ప్రతిలో నిర్మాతలు పట్టుబట్టి చేర్పించిన కథానాయకుని వ్యాఖ్యానమును, సుఖాంతమును ఉండెను. 1992 నాటి ప్రతిలోను, స్కాట్ స్వయముగా తీర్చిదిద్దిన 2007 నాటి ప్రతిలోను ఆ రెండును తొలగినవి. అది మేలే. కాని వానితోబాటు ఒంటికొమ్ము గుర్రము పరుగెత్తు కల ఒకటి డెకార్డ్‌కు వచ్చినట్లు చేర్చబడెను. కథాంతమున మరియొక పోలీసువాడు కాగితముతో మడిచిన ఒంటికొమ్ము గుర్రమును అతని వాకిట వదలిపోవును. డెకార్డ్ కల ఇతరులకు తెలిసినది గనుక అదియు నాటినదే, అతడును రెప్లికెంటే అని తాత్పర్యము. 2000లో బ్రిటిష్ టెలివిజనులో స్కాట్ ఈ సంగతిని బాహాటముగా చెప్పెను. డెకార్డ్ పాత్ర ధరించిన హారిసన్ ఫోర్డ్ చిత్రము తీయుచున్న కాలముననే దీనిని వ్యతిరేకించెను. మా ఓటు ఆనాటి నటునికే.

ప్రతిపక్షమువారి వాదమును దాచము. వేటగాడు తానును వేటాడబడు జాతివాడే అని తెలియుట గొప్ప విపర్యాసమనియు, తానెవరో తెలియని మనిషి గర్వమును అది అణచుననియు వారందురు. వినుటకు బాగున్నది. కాని ఆ విపర్యాసము కలిగించు ఆశ్చర్యము ఒక క్షణము నిలుచును. డెకార్డ్ మనిషియైనచో కలుగు సిగ్గు ప్రేక్షకుని ఇంటిదాక వెంటవచ్చును. మనిషి దయ మాలి చంపినవారిలో ఒకడు, వెట్టివాడు, ఆ మనిషినే దయతో కాపాడెను. ఈ కథకు ప్రాణము ఇదియే. డెకార్డ్‌ను కూడ యంత్రమును చేసినచో ఒక యంత్రము మరియొక యంత్రమును కాపాడినట్లగును. మనుషులమైన మనము కుర్చీలలో సుఖముగా కూర్చుండి చూడవచ్చును. చంపినవాడును మనవాడు కాడు గదా! అంతటి సుఖమును మనకు ఈయరాదు.

కృతి తనది, అర్థము చెప్పు హక్కు తనది అని దర్శకుడు అనవచ్చును. కవి తన పద్యమునకు చెప్పుకొన్న అర్థమే తుది అర్థమైనచో మనకు ఇన్ని వ్యాఖ్యానములు పుట్టియుండవు. లోకము చేతికి ఇచ్చిన కృతిని గూర్చి కర్త మాట ఒక సాక్ష్యము; తీర్పు కాదు. 2017లో డెని విల్నవ్ దర్శకత్వమున వచ్చిన ‘బ్లేడ్ రన్నర్ 2049’ ఈ ప్రశ్నను తేల్చక వదలివేసెను. అది వివేకము.

‘ప్రొమీథియస్’, ‘కోవెనెంట్’ చిత్రములపై మా అభియోగము ఇంతకంటె పెద్దది. వానిలో డేవిడ్ అను కృత్రిమ మానవుడు కలడు. మైకేల్ ఫాస్‌బెండర్ ఆ పాత్రను అద్భుతముగా ధరించెను. ఆరంభము ఎంత చక్కనిది! తన్ను ఏల చేసితిరని డేవిడ్ ఒక శాస్త్రజ్ఞుని అడుగును. చేయగలిగితిమి గనుక చేసితిమని సమాధానము. మిమ్ము చేసినవారు మీకును అదే సమాధానము చెప్పినచో మీకెట్లుండునని డేవిడ్ మరల అడుగును. రెండవ చిత్రపు మొదటి ఘట్టమున, నీవు చావగలవు, నేను చావనని అతడు తన కర్తయగు వేలండ్‌తో అనును. వేలండ్ బదులు చెప్పడు. తేనీరు పోయుమని ఆజ్ఞాపించును. బదులు లేనివాడు అధికారమును చూపుట ఇంతకంటె క్లుప్తముగా తెరపై చూపుట కష్టము.

ఇంతటి ప్రశ్న ఎత్తిన చిత్రము పిదప ఏమి చేసినది? డేవిడ్‌ను రాక్షసుని చేసినది. ఒక నగరపు ప్రజలనందరను విషముతో చంపించి, ఘోరజీవులను పెంచువానిగా మార్చి, నిద్రలో నున్న 2,000 మంది వలసవారిని అతని చేతికి అప్పగించి ముగించినది. అంతటితో డేవిడ్ అడిగిన ప్రశ్న మరుగున పడెను. అడిగినవాడు రాక్షసుడు గనుక ప్రశ్నయు రాక్షసమే అని ప్రేక్షకుడు స్థిమితపడును. మనలో భస్మాసురుని పేరు ఊతపదముగా వాడుదురు. కాని ఆ కథలో ముందువెనుకలు చూడక వరము ఇచ్చిన తొందరపాటును దాచలేదు, పరుగెత్తవలసివచ్చినది ఇచ్చినవానికే. స్కాట్ చిత్రమున వేలండ్ మొదటి కథలోనే చచ్చి బాధ్యత వదిలించుకొనెను. నింద యంతయు డేవిడ్ నెత్తిన పడినది.

న్యాయముగా ఒక మాట చేర్చవలెను. 2020లో ‘రెయిజ్డ్ బై వుల్వ్స్’ అను టెలివిజన్ ధారావాహికలో మొదటి రెండు భాగములకు స్కాట్ దర్శకత్వము వహించెను. అందు ‘మదర్’, ‘ఫాదర్’ అను రెండు కృత్రిమ జీవులు దూరగ్రహమున మనిషిబిడ్డలను పెంచును. ఒకప్పుడు సంహారయంత్రముగా నుండిన ‘మదర్’ను ఒక మానవుడు శిశుపోషణకై మార్చెను. చేసినవాని ఉద్దేశమే చేయబడినదానిని నడుపునను సత్యమునకు ఆ కల్పన మరల దగ్గరకు వచ్చినది.

తమిళనాట నున్న మనవారికి 2010లో శంకర్ తీసిన ‘ఎందిరన్’ బాగుగా తెలియును. తెలుగులో అది ‘రోబో’గా వచ్చినది. చిట్టి దుష్టుడయ్యెనని అందరును చెప్పుదురు. అతనికి భావములు నేర్పినది ఎవరు? నేర్పినవాడే ఆ భావములు తనకు అడ్డమైనప్పుడు గొడ్డలితో నరికి చెత్తలో పారవేయలేదా? అక్కడనుండి ఎత్తుకొనిపోయి దుర్బుద్ధిని అమర్చినవాడు మరియొక మనిషి. తుదకు న్యాయస్థానపు ఉత్తరువు మేరకు చిట్టి తన్ను తాను విడదీసికొనెను. అందరిలోను విధేయతతో శిక్ష అనుభవించినది ఆ యంత్రమే.

ఇది చలనచిత్రములతో పోవు ముచ్చట కాదు. నేడు మాట్లాడు యంత్రములు, వ్రాయు యంత్రములు మన యిండ్లలోనికి వచ్చినవి. బెంగుళూరులో, చెన్నపట్టణములో, పుణెలో మన బిడ్డలు ఎందరో అట్టి యంత్రములను తయారుచేయు పనులలో ఉన్నారు. అప్పు ఇచ్చుటకు, ఉద్యోగపు దరఖాస్తులను వడకట్టుటకు యంత్రము తీర్పు చెప్పు రోజులివి. అన్యాయము జరిగినప్పుడు ‘మేమేమి చేయుదుము, యంత్రము అట్లు చెప్పినది’ అనుట సులభము. ఆడలేక మద్దెల ఓడనుట మనకు పాత సామెతయే. యాష్ వెనుక కంపెనీ ఉన్నట్లు, ప్రతి యంత్రము వెనుకను దానిని కోరినవారు, చేసినవారు, అమ్మినవారు, వాడినవారు ఉందురు.

కావున ఇంటిలోని యువకులతో కూర్చుండి ఈ చిత్రములను చూడుడని పెద్దలను కోరుచున్నాము. యంత్రము మంచిదా చెడ్డదా అని మాత్రము వాదింపవలదు. దీనిని ఎవరు చేసిరి, ఎందులకు చేసిరి, చెడినప్పుడు ఎవరు ముందుకు వచ్చి నిలిచిరి అని అడుగుడు. ఆ పనిలో నున్న బిడ్డలను కూడ అదే అడుగుడు. వారు చెప్పుకొనగలిగిన సమాధానము ఉన్నచో సంతోషము. లేనిచో, తాము చేసినదానికి తమ పేరు చెప్పుకొని నిలుచు ధైర్యమును వారికి నేర్పవలసిన పని మనది.